నాలుగు వీధుల అంతరిక్ష కేంద్రం

రెండువేల ఏడులో కర్నూలులో జరిగిన సైన్సు ప్రదర్శనలో మా ఆడపిల్లల హైస్కూలుకు ఇచ్చిన చోటు మరుగుదొడ్ల పక్కన. పిల్లలు అట్టతో గాలిమర ఒకటి చేసుకుపోయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని పక్కనే నిలబడ్డారు. మరుగుదొడ్డికి పోయేవాళ్ళు తప్ప ఇంకెవ్వరూ అటు రాలేదు. మార్కులు వేసేవాళ్ళు ముందు హాలు చూసి, టీ తాగి, అటునుంచి అటే వెళ్ళిపోయారు. హేమావతి అని నేతవీధి తిమ్మయ్య కూతురు, అప్పుడు తొమ్మిదో తరగతి, బస్సులో ఏడవలేదట. బస్సు దిగి నా అంగడి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

"మాది బాగలేదన్నా బాగుండు అవ్వా. చూడనే ల్యా" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నా పేరు కన్యకమ్మ. ఆలూరు దారిలో మల్లెదొడ్డి అని ఒక ఊరుంది. ఆ ఊరి పెద్ద బజారులో బట్టల అంగడి నాది. మా ఆయన పోయిన తరవాత నేనే నడుపుతున్నాను. ఆడపిల్లల స్కూలు కమిటీకి ఛైర్మన్‌ను కూడా నేనే. నా నోరు పెద్దదని ఊరంతా అంటుంది. పెద్దదే. చిన్న నోటితో ఈ ఊళ్ళో అంగడి నడిపినవాళ్ళను నేనైతే చూడలేదు. ఆ పిల్ల కళ్ళు తుడిచి, వచ్చే ఏడు మన స్కూలును చూడకుండా కర్నూలులో ఎవడు పోతాడో నేనూ చూస్తానని మాట ఇచ్చాను. ఇచ్చాను సరే, ఏం చేసి చూపించాలో నాకేం తెలుసు? రాకెట్టుకూ రోకలికీ తేడా తెలియని దాన్ని.

మరుసటి ఏడు రాయచోటి వైపు నుంచి పద్మప్రియ అని కొత్త సైన్సు టీచరు వచ్చింది. చూడ్డానికి పీలగా ఉంటుంది గానీ మంకుపట్టు మనిషి. అంతరిక్ష కేంద్రం నమూనా చేద్దామని ఆమే అంది. యూరపు వాళ్ళ గది ఒకటి, జపాను వాళ్ళ గది ఒకటి ఆ ఏడే పైకి వెళ్ళాయని కమిటీ మీటింగులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. పదహారు దేశాలు కలిసి కడుతున్నాయట. ఎవరి గది వాళ్ళ దేశంలోనే తయారవుతుందట. ఒకదాన్నొకటి ఎన్నడూ చూడని ముక్కలు పైకి పోయాక ఆకాశంలోనే అతుక్కోవాలట. లోపల ఉండే మనుషులు కూడా తలా ఒక దేశం వాళ్ళు, అందరిదీ ఒకే గాలి, ఒకే నీళ్ళు. అందులో రష్యా, అమెరికా ఒకప్పుడు ఒకరి మీద ఒకరు బాంబులు గురిపెట్టుకున్న వాళ్ళేనంటే నాకు నవ్వొచ్చింది.

నవ్వు ఎందుకంటే మా ఊరి కొళాయి గుర్తొచ్చింది. పెద్ద బజారు, నేతవీధి, రేకుల వీధి, వడ్రంగుల వీధి, నాలుగింటికీ కలిపి నీళ్ళొచ్చే కొళాయి ఒకటే ఉండేది. అది కూడా ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అక్కడ ఒకరి బిందె ఇంకొకరు జరిపిన పాపానికి నేతవీధికీ రేకుల వీధికీ మాటలు పోయి చాలా కాలమైంది. మిగతా వాళ్ళు మాట్లాడుకునేదీ అంతంతే. ఎవరికి వారే యమునా తీరే. ఆ దేశాల వాళ్ళకు కుదిరిందంటే మనకు కుదరదా అని నేను ఎగతాళిగా అన్నాను. పదో తరగతికి వచ్చిన హేమావతి ఆ మీటింగుకు పిల్లల తరఫున వచ్చి కూర్చుని ఉంది. ఆ పిల్ల దాన్ని ఎగతాళి అనుకోలేదు. వీధికొక దేశం ఇద్దాం అంది.

టీచరు ఆ మాట పట్టుకుంది. నేను వీధి వీధీ తిరిగాను. తిమ్మయ్య మగ్గం గుంటలోంచి తల కూడా ఎత్తకుండా, ముందు ఎక్కిందెవరి గది అని అడిగాడు. రష్యాది అన్నాను. అయితే మాది రష్యా అన్నాడు. రేకుల వీధిలో డబ్బాలు, బకెట్లు చేసే మాబుసాబు, నేతవాళ్ళు రష్యా అయితే నేను అమెరికానే అన్నాడు, ఇంకేం ఆలోచించకుండానే. వడ్రంగి ఆంజనేయకు యూరపు నచ్చింది. శానా దేశాలు కలిసి ఒక గది చేశాయంటే అందులో అతుకులు బాగుండాలి, అది మా పనే అన్నాడు. మా పెద్ద బజారుకు నేను జపాను తీసుకున్నాను. మా మామగారి కాలంలో జపాను నైలాను గుడ్డ ఈ తాలూకాలో మొదట అమ్మింది మా అంగడే. ఆ ఋణం తీర్చుకోవద్దా?

గదుల మూతులు ఒకదానికొకటి సరిగ్గా ఆనుకోవాలి, అన్నిటి చుట్టుకొలతా ఒకటే ఉండాలి అని టీచరు పదే పదే చెప్పింది. సెంటీమీటర్లంటే ఎవడికి ఏం అర్థమవుతుందోనని ఒకే దారాన్ని నాలుగు సమాన ముక్కలు కోసి నాలుగు వీధులకూ తలా ఒకటి ఇచ్చింది. మూతి చుట్టూ ఈ దారం తిప్పితే కొసకు కొస తగలాలి, అంతే. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు.

పని మొదలయ్యాక మా ఊరు ఊరు కాకుండా పోయింది. ఒక వీధి వాళ్ళు చేసేది ఇంకొక వీధి వాళ్ళు చూడకూడదని తలుపులు వేసుకుని చేశారు. నేతవీధిలో వెదురు బద్దలు వంచి, గంజి పెట్టిన గుడ్డ చుట్టి మనిషి పొడవు గొట్టం చేశారు. ఎండ నుంచి కరెంటు తీసే పలకలు మెరవాలని జరీ అంచు ముక్కలు కుట్టారు. మాబుసాబు నూనె డబ్బాల రేకులు సాపు చేసి అతికించాడు. మేం బట్టల తానులు వచ్చే అట్టలతో జపాను కట్టాం, మా వీధి ఆడవాళ్ళు దాని మీద ఎర్రటి సూర్యుణ్ణి కుట్టారు. కుంకుమ రంగు గుడ్డే వాడాలని నేను పట్టుబట్టాను. ఆ కేంద్రానికి బరువులెత్తే మర చెయ్యి కెనడా వాళ్ళు చేసిచ్చారట, సైకిలు షాపు పిల్లలు పాత చైనులతో అట్లాంటిది ఒకటి చేసి తెచ్చారు. అది వంగేది కూడా.

అన్నిటినీ కలిపే రోజు స్కూలు వరండాలో ఊరంతా చేరింది. రెండు పొడుగాటి వాసాలు బెంచీల మీద పరిచి, వాటి మీద రష్యా పెట్టారు. పక్కన అమెరికా పెట్టారు. మూతికి మూతి ఆనలేదు. అమెరికా పెద్దదయింది. యూరపు తెచ్చి పెడితే అది అమెరికా కంటే పెద్దది. మా జపాను అన్నిటికంటే పెద్దది. టీచరు దారం తీసి ఒక్కొక్క మూతి చుట్టూ తిప్పింది. ఏ ఒక్కదానికీ కొసకు కొస తగల్లేదు. అన్నీ ఎక్కువే, తలా ఒక విధంగా ఎక్కువ.

ఎందుకిట్లా చేశారని అడిగితే ఎవరి జవాబు వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది. గుడ్డ తడిస్తే ముడుచుకుంటాదని రొంత ఎక్కువ పెట్టానన్నాడు తిమ్మయ్య. మడత పెట్టడానికి రేకు వదిలానన్నాడు మాబుసాబు. వదలకపోతే అంచు చెయ్యి కోస్తుందట. ఆంజనేయ చెప్పింది ఇంకా బాగుంది. చెక్కను తగ్గించొచ్చు గానీ పెంచడానికి రాదు, అందుకని ఏ వడ్రంగీ ఇచ్చిన కొలతకు కొయ్యడు అన్నాడు. ఇక నా సంగతి చెప్పాలి. నలభై ఏళ్ళుగా గుడ్డ కొలుస్తున్న చెయ్యి ఇది. మీటరు కట్టె పెట్టి కొలిచాక బొటనవేలు రొంత ముందుకు జరిపి కత్తెర పెట్టడం దీనికి అలవాటు. కొసరు లేకుండా మా అంగడి నుంచి జానెడు గుడ్డ కూడా బయటికి పోలేదు. అట్ట కోసేటప్పుడు నేను కావాలని చెయ్యలేదు. నా వేలు దానంతట అదే జరిగింది.

ఎక్కువిస్తే తప్పెట్లా అవుతుంది? ఇదీ ఆ రోజు అందరి వాదన. తక్కువిస్తే అడగండి, పడతాం. టీచరు పాపం గొంతు పోయేలా చెప్పింది, అక్కడ ఆకాశంలో కొసరు వేస్తే సందులోంచి గాలి పోయి లోపలి మనుషులు చస్తారని. తలా కాస్త కోసుకోండి, అయిపోతుంది అంది. తిమ్మయ్య కోస్తే నేను కోస్తానన్నాడు మాబుసాబు. వాళ్ళు కోస్తే మేమూ కోస్తామన్నాడు ఆంజనేయ. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఒక్కొక్కడూ. నేనేమైనా తక్కువ తిన్నానా? ఇచ్చిన కొసరు వెనక్కి తీసుకున్న చరిత్ర మా వంశంలో లేదని లేచి నిలబడి మరీ అరిచాను. టీచరు బెంచీ మీద కూర్చుని తల పట్టుకుంది. ప్రదర్శన ఇంక రెండు రోజుల్లో ఉంది.

అప్పుడు లేచింది హేమావతి. తండ్రి ఎదుట గట్టిగా మాట్లాడే పిల్ల కాదు. ముఖం ఎర్రబడి ఉంది.

"మీ ముక్క మీకు ముఖ్యం. మళ్ళా పోయి ఆ బాత్రూముల కాడ నిలబడేది మేము" అంది.

మాబుసాబు రేకు వైపు చూసుకున్నాడు. నాకు ఆ మెట్ల మీద ఏడ్చిన పిల్ల గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా చెయ్యి కత్తెర వైపు పోలేదు, ఏం చెప్పమంటారు. హేమావతి మళ్ళీ నా వైపు తిరిగి, కోపంలోనే, సంబంధం లేని ప్రశ్న ఒకటి వేసింది.

"అవ్వా, మీ అంగట్లో పావడాలన్నీ ఒకటే సైజు గదా. సన్నమ్మకూ లావమ్మకూ ఎట్లా సరిపోతాండాయి?"

"బొందు ఉండాది గదే" అన్నాను. అన్నాక గానీ నాకు తట్టలేదు. ఆ పిల్లకు మాత్రం అడిగినప్పుడే తెలుసు.

ఎవరి మూతీ కొయ్యక్కర్లేదు. రెండు గదుల మధ్య గుడ్డతో ఒక పట్టీ, దానికి రెండు వైపులా బొందు. ఈ పక్క రష్యా నడుముకు బిగించు, ఆ పక్క అమెరికా నడుముకు బిగించు. ఎవరి లావు వాళ్ళది. వరండాలో ముందు ఆడవాళ్ళు నవ్వారు, తరవాత మగవాళ్ళు నవ్వారు, చివరికి టీచరు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అంతటితో ఆగలేదు. పట్టీకి గట్టి గుడ్డ కావాలంటే తిమ్మయ్య ఇంటికి పోయి మగ్గం మీద ఉన్నదాన్ని కోసుకొచ్చాడు. నేతగాడు సగంలో ఉన్న గుడ్డను కొయ్యడమంటే ఏమిటో మా అంగడి వాళ్ళకు తెలుసు. నేను కాదనబోతే, నీకేం తెలుసు ఊరుకో అక్కా అన్నాడు. గుడ్డ కుంగిపోకుండా లోపల రేకు బద్దె వేస్తానని మాబుసాబు వచ్చి తిమ్మయ్య పక్కనే కూర్చున్నాడు. కొళాయి గొడవ తరవాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు. మాట్లాడింది బద్దె వెడల్పు గురించే అనుకోండి. ఆంజనేయ బొందులు ముడేసుకోవడానికి చెక్క గూటాలు దిగ్గొట్టాడు. బొందులు నావి, అంగట్లో ఉన్న బొందులన్నీ తెచ్చి పోశాను. సాయంత్రానికి నాలుగు వీధులూ ఒకటై నిలబడ్డాయి. ఇంట గెలిచాం, ఇక రచ్చ గెలవాలి.

కర్నూలుకు లారీలో పోయాం. టీచరు, పిల్లలతో పాటు తిమ్మయ్య, మాబుసాబు, ఆంజనేయ కూడా బయలుదేరారు. తమ ముక్క మీద ఇంకొకడి చెయ్యి పడితే విరుగుతుందని ఒక్కొక్కడి భయం. జపాను తరఫున నేను. ప్రదర్శన జరిగే స్కూలుకు పోయి మా నంబరు చూస్తే, చోటు మళ్ళీ వెనక వరండా చివర. ముందటేడు పక్కన మరుగుదొడ్లు ఉంటే ఈసారి ఎదురుగా ఉన్నాయి. నా ఒళ్ళు ఎట్లా మండిపోయిందో చెప్పలేను. నోరు తెరవబోయాను. టీచరు నా చెయ్యి పట్టుకుని, ముందు కలుపుదాం అమ్మా అంది. కలిపాం. వాసాల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగు దేశాలు, పైన కెనడా చెయ్యి, జరీ పలకలు. దాన్ని చూసి నా కోపం కాస్త తగ్గింది. మా ఊరిది అనుకుంటే గుండె నిండిపోయింది.

మధ్యాహ్నమైంది. ముందు హాలులో ప్రైవేటు స్కూళ్ళ వాళ్ళు, కొనుక్కొచ్చిన బొమ్మలు, లైట్లు, పాటలు. మార్కులు వేసేవాళ్ళు ఆ హాలు ముగించి, ఫైళ్ళు మూసి భోజనాలకు కదిలారు. అచ్చం ముందటేడు మాదిరే. అంతే, నేను కొంగు బిగించాను. ద్వారానికి అడ్డంగా నిలబడితే ఎట్లా పోతారో చూద్దామని నాలుగడుగులు వేశాను. హేమావతి పరుగెత్తుకొచ్చి ఎదురు నిలబడింది.

"నువ్వు అరిస్తే నిన్ను చూస్తారవ్వా. దాన్ని చూడరు" అంది.

నన్ను అంత మాట అని నిలిచిన వాళ్ళు మా ఊళ్ళో లేరు. నేను నిలిచిపోయాను. ఆ పిల్ల తానే పోయింది. మార్కులు వేసేవాళ్ళలో శ్రీహరికోట నుంచి వచ్చిన ఒకామె ఉంది, నెరిసిన జుట్టు, నూలు చీర. హేమావతి ఆమె ముందు నిలబడి రండి చూడండి అని బతిమాలుకోలేదు. చేతులు కట్టుకుని ఒక అనుమానం అడిగింది. ఆకాశంలో కలిసే గదులకు కొలత తప్పితే ఆ దేశాల వాళ్ళు ఏం చేస్తారు మేడమ్, అంది. ఎందుకడుగుతున్నావని ఆమె అంటే, మాకు తప్పింది మేడమ్ అని చెప్పింది. తప్పు చేశామని చెప్పుకుంటున్న పిల్ల ఆ రోజు మొత్తం ప్రదర్శనలో మా హేమావతి ఒక్కతేనేమో. శ్రీహరికోట ఆమె ఫైలు పక్కవాళ్ళకు ఇచ్చేసి వెనక వరండాలోకి వచ్చింది. మిగతా వాళ్ళు గతిలేక వెంట వచ్చారు.

ఆమె నమూనా చుట్టూ తిరిగింది. వంగి బొందులు చూసింది. హేమావతి ఏదీ దాచలేదు. గుడ్డ ముడుచుకోవడం, రేకు మడత, చెక్కను పెంచలేకపోవడం, నా బొటనవేలితో సహా అన్నీ చెప్పేసింది. నేను బొటనవేలు కొంగులో దాచుకున్నాను. పిల్లలు గదుల మీద అంటించిన ఆ దేశాల జెండాలు చూసి, మన దేశం జెండా పెట్టలేదేమమ్మా అని ఆమె అడిగింది. మనం ఇంకా అందులో లేం గదా మేడమ్, లేనిచోట పెట్టుకుంటే అబద్ధం గదా అంది పిల్ల. అప్పుడు ఆమె నిజం కేంద్రం సంగతి చెప్పింది. ఆకాశంలో మొట్టమొదట కలిసిన రెండు గదుల్లో ఒకటి రష్యా నుంచి పోయింది, ఒకటి అమెరికా నుంచి. రెండింటి మూతులూ ఒకదానికొకటి పట్టవు. అందుకని మధ్యలో పెట్టడానికి ఇంకొక ముక్క చేశారు, ఒక పక్క వీళ్ళ మూతికి, ఒక పక్క వాళ్ళ మూతికి సరిపోయేట్టు. అది లేకపోతే ఆ రెండూ కలిసేవే కావట.

"వాళ్ళకు ముందే తెలుసు, మీకు తరవాత తెలిసింది. అంతే తేడా" అంది ఆమె. "దాన్ని అడాప్టరు అంటారు."

"మేం బొందు అంటాం మేడమ్" అంది హేమావతి.

ఆమె అంత పెద్దగా నవ్వుతుందని నేను అనుకోలేదు. పక్కనే తిమ్మయ్య మాబుసాబు భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. రష్యా వాళ్ళకూ అమెరికా వాళ్ళకూ ఇదే తిప్పలు వచ్చిందన్న మాట వాళ్ళకు తలకెక్కినట్టుంది, ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నాకు ఎందుకో ఏడుపు వచ్చింది. ఏ పుస్తకమూ చూడకుండా, మా మొండితనంతోనే మా ఊరు ఆ దేశాలు పోయిన దారినే పోయింది. నేను నా ఊరిని ఎన్నిసార్లు తిట్టానో నాకే లెక్క లేదు. ఆ వరండాలో మాత్రం నా అంతటి గర్విష్ఠి కర్నూలు జిల్లాలో ఇంకొకరు లేరు.

ఆమె నిర్వాహకులను పిలిపించి, ఇది ఇక్కడ ఉండకూడదు, ముందు హాలు మధ్యలో పెట్టండి అని చెప్పింది. సాయంత్రం రెండో బహుమతి కూడా ఇచ్చారు, మొదటిది ఎవరిదో నేను అడగలేదు. ముందు హాలులోకి మార్చేటప్పుడు, మనుషులను పంపి విప్పించి మళ్ళీ కట్టిస్తామని నిర్వాహకులు అన్నారు. విప్పేదే ల్యా, మేమే మోసుకుపోతాం అన్నాడు ఆంజనేయ. వాసాల ముందు కొసలు తిమ్మయ్య, మాబుసాబు భుజాలకెత్తుకున్నారు. వెనక ఒక కొస ఆంజనేయది. నాలుగోది పట్టడానికి ఎవరో కుర్రవాడు వస్తుంటే పక్కకు జరగమన్నాను. జపానును ఇంకెవడో మోస్తుంటే నేను చూస్తూ ఊరుకుంటానా? కొంగు మడిచి భుజం మీద పెట్టుకుని కొస ఎత్తాను. బరువుగానే ఉంది. అందరి కొసరూ కలిస్తే ఉండదా మరి.

హేమావతి ముందు నడిచింది. తోవ ఇడవండప్పా, తోవ ఇడవండి అంటూ దారి చేసింది. మేము వెనక వరండా దాటి, హాలు తలుపులు దాటి లోపలికి వచ్చేసరికి లైట్లు, పాటలు పెట్టుకున్న వాళ్ళు కూడా తమ బల్లలు వదిలి వచ్చి నిలబడ్డారు. హాలు మధ్యలో వాసాలను బల్లల మీదికి దించుతుంటే, గుంపులోంచి కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎవరిదమ్మా ఇది అని అడిగాడు.

"మాది" అన్నాం నలుగురం, ఒక్కసారే.

హేమావతి వెనక్కి తిరిగి మా నలుగురినీ చూసి నవ్వింది. తరవాత ఆ జనం వైపు తిరిగి గొంతు సవరించుకుంది.

"అట్లా దూరం నిలబడొద్దు, దగ్గరికొచ్చి చూడండి" అంది.

వాళ్ళు దగ్గరికి వచ్చి చూశారు.